ఆర్టిచోక్ సూప్: చిక్కగా, నున్నగా, పీచు తగలకుండా

ఆర్టిచోక్ అంటే మొగ్గ. పొద్దుతిరుగుడు, చామంతి కుటుంబంలోనే ఉన్న ఒక ముళ్లజాతి మొక్కకు కాసే పెద్ద పచ్చటి మొగ్గ. విచ్చుకోనిస్తే ఊదారంగు పువ్వవుతుంది, అందుకే విచ్చుకోకముందే కోస్తారు. చూడ్డానికి ఎంత పెద్దగా ఉన్నా అందులో తినడానికి పనికొచ్చేది కొంచెమే. రేకుల మొదట్లో అంటుకుని ఉండే కాస్త కండ, రేకులన్నీ నాటుకుని ఉన్న గుండ్రటి అడుగు భాగం, కాడ లోపలి లేత దవ్వ, అంతే. ఆ గుండ్రటి అడుగును, దాన్ని అంటుకుని ఉన్న లోపలి లేత రేకుల మొదళ్లతో కలిపి హార్ట్ అంటారు. సూప్‌కి వాడేది హార్ట్, దవ్వ. ముదురు రేకులు, మధ్యలోని నూగు, కాడ పైతోలు అన్నీ పక్కకు పోవాలి.

ఈ సూప్ బాగా వస్తుందా లేదా అన్నది సగానికి పైగా కోసేటప్పుడే తేలిపోతుంది. ముదురు రేకులు రెండు వరసలు మిగిల్చినా, నూగు సరిగా గోకకపోయినా ఆ తర్వాత ఎంత వెన్న వేసినా, ఎంతసేపు మిక్సీ తిప్పినా సరిదిద్దలేం. అందుకని ఇక్కడ కోత గురించి ఎక్కువగా, వండడం గురించి తక్కువగా ఉంటుంది.

నలుగురికి కావలసినవి

కాడతో సహా ఒక్కోటి 300 గ్రాములు తూగే తాజా ఆర్టిచోక్‌లు 6. చెక్కి శుభ్రం చేశాక వీటి నుంచి సుమారు 400 గ్రాముల ముక్కలు వస్తాయి. ముదురు కాయలైతే ఇంకా తగ్గుతుంది కాబట్టి ఒకటి అదనంగా తెచ్చుకోవడం మంచిది. తాజావి లేకపోతే 400 గ్రాముల ఫ్రోజెన్ హార్ట్‌లు గానీ, నీళ్లు వంపేశాక అంతే బరువు తూగే డబ్బా హార్ట్‌లు గానీ సరిపోతాయి.

వెన్న 30 గ్రాములు, ఆలివ్ నూనె 1 టేబుల్ స్పూన్, ఉల్లిపాయ ఒకటి (150 గ్రాములు), వెల్లుల్లి రెబ్బలు 2, పిండిగా ఉడికే రకం బంగాళాదుంప ఒకటి (150 గ్రాములు), కూరగాయల స్టాక్ లేదా చికెన్ స్టాక్ (వాటిని ఉడికించి వడకట్టిన నీళ్లు) 800 మిల్లీలీటర్లు, పలచన చేసుకోవడానికి మరో 200 మిల్లీలీటర్లు, బే ఆకు ఒకటి, థైమ్ అనే సువాసన ఆకు రెమ్మలు 2, చిక్కటి క్రీమ్ 100 మిల్లీలీటర్లు, నిమ్మకాయలు 3, ఉప్పు, తెల్ల మిరియాల పొడి.

స్టాక్ తేలికగా ఉండాలి. ఆర్టిచోక్ రుచి మెత్తనిది. కాస్త పచ్చిగింజల కమ్మదనం, చివర్లో ఓ చిరుచేదు ఉంటాయి. ఘాటైన స్టాక్ గానీ, రెండు మూడు స్టాక్ క్యూబ్‌లు కరిగించిన నీళ్లు గానీ పోస్తే ఆ రుచి కనిపించకుండా పోతుంది. మంచి స్టాక్ లేకపోతే ఉత్త నీళ్లే పోయండి. ఉల్లిపాయ, వెన్న, బే ఆకు ఇచ్చే రుచి చాలు.

కాయల ఎంపిక

చేతిలోకి తీసుకుంటే పరిమాణానికి మించిన బరువు తోచాలి. రేకులు ఒకదాన్నొకటి గట్టిగా హత్తుకుని ఉండాలి. వేళ్లతో నొక్కినప్పుడు రేకులు ఒరుసుకుని కీచుమంటే కాయ తాజాది. రేకులు విచ్చుకుని, కొసలు ఎండిపోయి ఉంటే లోపల నూగు బాగా పెరిగి, హార్ట్ పీచుకట్టి ఉంటుంది. అయితే రేకుల పైపొర మీద గోధుమరంగు మచ్చలు మాత్రమే ఉంటే వదిలేయక్కర్లేదు. చలికి మంచు తగిలినప్పుడు అలా పొర లేస్తుంది, లోపలి కండకు నష్టమేమీ ఉండదు.

చిన్న సైజువి 'బేబీ ఆర్టిచోక్‌లు' అన్న పేరుతో దొరుకుతాయి. అవి వేరే రకం కావు, అదే మొక్కకు కింది పక్కకొమ్మల్లో కాసినవి. వాటిలో నూగు ఇంకా ఏర్పడి ఉండదు కాబట్టి గోకే పని తప్పుతుంది. కాకపోతే 400 గ్రాములు రావాలంటే చాలా కాయలు చెక్కాలి.

జెరూసలేం ఆర్టిచోక్ అనే పేరుతో అమ్మేది మాత్రం పూర్తిగా వేరు. అది పొద్దుతిరుగుడు జాతి మొక్క దుంప. దానితో కూడా మంచి సూప్ అవుతుంది, కానీ రుచి, కోత, మోతాదు అన్నీ మారతాయి. అందులో ఇనులిన్ అనే పీచుపదార్థం ఎక్కువ, కొందరికి కడుపు ఉబ్బరిస్తుంది. కొనేటప్పుడు మొగ్గా, దుంపా అన్నది చూసుకోండి.

కత్తి పట్టేముందు నిమ్మనీళ్లు

పెద్ద గిన్నెలో రెండు లీటర్ల చల్లటి నీళ్లు పోసి రెండు నిమ్మకాయలు పిండండి. పిండిన చెక్కలు కూడా అందులోనే వేయండి. మూడో నిమ్మకాయను రెండుగా కోసి ఒక చెక్క చేతి పక్కన ఉంచుకోండి, రెండోది చివరికి పనికొస్తుంది.

ఆర్టిచోక్ కండ గాలి తగిలిన కొద్ది నిమిషాలకే నల్లబడడం మొదలుపెడుతుంది. అందులోని ఫినాల్ పదార్థాలు ఒక ఎంజైమ్ సాయంతో గాలిలోని ఆక్సిజన్‌తో కలవడమే కారణం. నిమ్మ పులుపు ఆ ఎంజైమ్ పనిని బాగా నెమ్మదింపజేస్తుంది, నిమ్మలోని విటమిన్ సి రంగు తిరగడాన్ని అడ్డుకుంటుంది. నీళ్లలో మునిగి ఉంటే గాలి కూడా తగలదు. ముక్కలు పైకి తేలతాయి కనుక వాటి మీద ఒక చిన్న పళ్లెం బోర్లించండి.

ఇవే ఫినాల్‌లు ఇనుముతో కలిస్తే బూడిదరంగుకు, నలుపుకు తిరుగుతాయి. అందుకే ఇనుప కత్తి, ఇనుప మూకుడు, పూత లేని అల్యూమినియం గిన్నె ఈ వంటకు పనికిరావు. స్టెయిన్‌లెస్ స్టీలు గానీ, ఎనామిల్ పూత ఉన్న గిన్నె గానీ వాడండి. నిమ్మనీళ్లలో ఎంత జాగ్రత్తగా వేసినా సూప్ బురదరంగులో వచ్చిందంటే ముందుగా అనుమానించాల్సింది గిన్నెనే.

కోత

ఒక్కో కాయకు నాలుగైదు నిమిషాలు పడుతుంది, చేయి తిరిగాక రెండు మూడు. అందుబాటులో ఉంటే చేతికి తొడుగులు వేసుకోండి. ఆర్టిచోక్ రేకుల్లోని చేదు పదార్థం వేళ్లకు అంటుకుని, ఆ చేత్తో ముట్టిందల్లా చేదవుతుంది, వేళ్లు నల్లబడతాయి కూడా.

కాడను కాయ నుంచి వేరు చేయకండి. కాయను పట్టుకుని బయటి రేకులను ఒక్కొక్కటిగా వెనక్కి వంచి కిందికి లాగితే మొదట్లో టప్పున విరిగి వస్తాయి. ఎక్కడ ఆపాలన్నదే అసలు ప్రశ్న. ముదురాకుపచ్చ పోయి, కింది మూడు వంతులు లేత పసుపు, కొసలు మాత్రం లేతాకుపచ్చగా ఉండే రేకులు కనిపించేదాకా తీస్తూ పోవాలి. సగటు కాయకు నాలుగైదు వరసలు పోతాయి. ఇంత వృథా అవుతోందే అనిపించి మధ్యలో ఆపేవాళ్లు ఎక్కువ, సూప్‌లో పీచు తగలడానికి మొదటి కారణం అదే. అనుమానం వస్తే ఒక రేకు కొరికి చూడండి. మొదలు మెత్తగా తెగితే ఆపొచ్చు. దారాలు సాగుతూ వస్తే ఇంకో వరస తీయాల్సిందే.

ఇప్పుడు మిగిలిన రేకుల పై సగాన్ని రంపపు పళ్లున్న కత్తితో అడ్డంగా కోసేయండి. రేకులు విరిగిన చోట అడుగు చుట్టూ పచ్చటి గరుకు అంచు మిగిలిపోతుంది. దాన్ని చిన్న కత్తితో, ఆపిల్ చెక్కినట్టు చుట్టూ తిప్పుతూ తెల్లటి కండ కనిపించేవరకు చెక్కాలి. పచ్చగా మిగిలిన చోటల్లా చేదు మిగులుతుంది.

కాడ కొసను ఒక సెంటీమీటరు కోసి ఆ కోత వైపు చూడండి. మధ్యలో తెల్లటి వృత్తం, చుట్టూ పచ్చటి వలయం కనిపిస్తాయి. ఆ వలయమంతా పీచు, చేదు. తొక్క తీసే పీలర్‌తో తెల్లటి దవ్వ మిగిలేదాకా చెక్కండి. చాలామంది కాడను మొత్తంగా పారేస్తారు, అలా చేయకండి. ఈ దవ్వ రుచిలో హార్ట్‌కి ఏ మాత్రం తీసిపోదు.

తర్వాత కాయను నిలువుగా రెండు చెక్కలు చేయండి. మధ్యలో తెల్లటి వెంట్రుకల్లాంటి నూగు, దాని మీద ఊదారంగు కొసలున్న పలచటి రేకులు కనిపిస్తాయి. ఆ రేకుల కొసలు గుచ్చుకుంటాయి, జాగ్రత్త. అంచు పదునుగా ఉన్న చెంచాతో రెండింటినీ కలిపి గోకి తీసేయండి. నూగు విషమేమీ కాదు. ఉడికినా మెత్తబడదు, మిక్సీలో నలగదు, తాగినప్పుడు గొంతులో వెంట్రుకలా అడ్డం పడుతుంది. అందుకే వేలితో తడిమి చూసి, నున్నగా తగిలేదాకా గోకాలి.

కోసిన ముఖాల మీద నిమ్మచెక్కతో రుద్ది, సెంటీమీటరు మందం ముక్కలు చేసి వెంటనే నీళ్లలో వేయండి. ఆరు కాయలూ అయ్యేదాకా అక్కడే ఉండనివ్వొచ్చు. గంటలకొద్దీ మాత్రం నానబెట్టకండి, పులుపు లోపలికి పట్టేస్తుంది.

డబ్బావి, ఫ్రోజెన్‌వి వాడితే

డబ్బాలో ఉప్పునీళ్లు గానీ, సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లు గానీ ఉంటాయి. నీళ్లు వంపేసి, రెండుసార్లు కడిగి, పది నిమిషాలు మంచినీళ్లలో ఉంచి, మెల్లగా పిండండి. రేకుల కొసలు గట్టిగా తగిలితే అర సెంటీమీటరు కత్తిరించండి. నూనె, వెనిగర్, మసాలాల్లో ఊరేసిన సీసా హార్ట్‌లు సూప్‌కి పనికిరావు. ఎంత కడిగినా వెనిగర్ వదలదు, క్రీమ్ విరిగే ప్రమాదం కూడా ఉంది.

ఫ్రోజెన్‌వి కరిగించకుండానే వాడొచ్చు. వేయించేటప్పుడు నీళ్లు వదులుతాయి, అవి ఇగిరిపోయేదాకా ఆగాలి. నాణ్యతలో తాజావాటి తర్వాతి స్థానం వీటిదే. తీరిక లేని రోజున డబ్బాకంటే ఫ్రోజెన్‌వే ఎంచుకోండి.

వండడం

అడుగు మందంగా ఉన్న గిన్నెను సన్నని సెగ మీద పెట్టి వెన్న, నూనె వేయండి. వెన్న కరిగి నురగ తగ్గాక సన్నగా తరిగిన ఉల్లిపాయ, పావు టీస్పూన్ ఉప్పు వేసి మూతపెట్టి 8 నుంచి 10 నిమిషాలు మగ్గించండి. మధ్యలో రెండు మూడుసార్లు కలపాలి. ఉల్లిపాయ అద్దంలా మారాలి తప్ప ఎర్రబడకూడదు. ఎర్రబడిన ఉల్లి తీపి, కమురు రెండూ ఆర్టిచోక్‌ను మింగేస్తాయి, రంగూ గోధుమకు తిరుగుతుంది. ఉప్పు ముందే వేయడం వల్ల ఉల్లి నీరు వదిలి, మాడకుండా మెత్తబడుతుంది.

వెల్లుల్లి సన్నగా తరిగి వేసి ఒక్క నిమిషం కలపండి.

ఆర్టిచోక్ ముక్కలను నిమ్మనీళ్ల నుంచి తీసి, మంచినీళ్లలో ఒకసారి ముంచి, బాగా వడకట్టి గిన్నెలో వేయండి. ఈ కడగడం మానకండి. కూరగాయ కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ పులుపులో తొందరగా కరగదు, దాంతో ముక్కలు ఎంతసేపు ఉడికినా గట్టిగానే ఉంటాయి. వంటలో నిమ్మరసం చివరికి వాయిదా వేయడానికి ఒక కారణం ఇదే. ముక్కలకు వెన్న పట్టేలా 5 నిమిషాలు వేయించండి.

సెంటీమీటరున్నర ముక్కలుగా కోసిన బంగాళాదుంప, 800 మిల్లీలీటర్ల స్టాక్, బే ఆకు, థైమ్ వేయండి. మరుగు రాగానే సెగ తగ్గించి, మూత ఓరగా పెట్టి, అక్కడక్కడా బుడగలు లేచే స్థాయిలో ఉడకనివ్వండి. తాజా ఆర్టిచోక్‌లకు 25 నుంచి 30 నిమిషాలు. డబ్బావైతే బంగాళాదుంప ఉడకడానికి పట్టే 15 నిమిషాలు చాలు.

గడియారాన్ని నమ్ముకోకుండా ముక్కనే అడగండి. ఒక ఆర్టిచోక్ ముక్కను గిన్నె అంచుకు ఆనించి చెంచాతో నొక్కితే ఏ ఎదురూ లేకుండా చితికిపోవాలి. కత్తి దిగడం సరిపోదు, చితకాలి. కూరకైతే ఆ కాస్త పలుకు బాగుంటుంది గానీ సూప్‌లో అదే రవ్వరవ్వగా నాలుకకు తగులుతుంది. సందేహంగా ఉంటే ఇంకో ఐదు నిమిషాలు ఉంచండి, ఎక్కువ ఉడికినందువల్ల ఈ సూప్‌కి నష్టం లేదు.

రుబ్బడం, వడకట్టడం

క్రీమ్ ఎక్కువ పోస్తే చిక్కదనం వస్తుందనుకోవడం పొరపాటు. చిక్కదనం బాగా ఉడికిన హార్ట్ నుంచి, బంగాళాదుంప పిండి నుంచి వస్తుంది. నున్నదనాన్ని రుబ్బడం, వడకట్టడం ఇస్తాయి. క్రీమ్ చేసేది చేదును కాస్త అణిచి నోటికి కమ్మగా తగిలేలా చేయడం ఒక్కటే.

బే ఆకు, థైమ్ పుల్లలు తీసేయండి. పొయ్యి మీంచి దించి పది నిమిషాలు ఆరనివ్వండి. మిక్సీ జార్‌లో సగానికి మించి పోయకండి. వేడి ద్రవాన్ని ఒక్కసారిగా తిప్పితే ఆవిరి మూతను ఎగదన్నుతుంది, ఒళ్లు కాలుతుంది. మూత మీది చిన్న బిరడా తీసి, మడిచిన గుడ్డ కప్పి చేత్తో అదిమి, నెమ్మది వేగంతో మొదలుపెట్టి పెంచుతూ పోండి. ఒక్కో విడతకు రెండు నిమిషాలు తిప్పండి, ఆర్టిచోక్ పీచు అంత తేలిగ్గా నలగదు.

బంగాళాదుంప దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎక్కువసేపు తిప్పితే కణాలు చిట్లి పిండిపదార్థం బయటికొచ్చి సూప్ జిగురుగా సాగుతుంది. 150 గ్రాములకు ఆ బాధ పెద్దగా ఉండదు గానీ, చిక్కదనం కోసం రెండు మూడు దుంపలు వేసినవాళ్లకు తప్పదు. ఇబ్బంది లేకుండా చేయాలంటే దుంప ముక్కల్ని గరిటెతో ఏరి పక్కన పెట్టి, మిగతాది రుబ్బాక ఆఖరి విడతలో కలిపి 20 సెకన్లు తిప్పండి. చేతితో పట్టుకునే హ్యాండ్ బ్లెండర్ ఉంటే గిన్నెలోనే నాలుగైదు నిమిషాలు తిప్పొచ్చు, కాకపోతే అంత నున్నగా రాదు.

ఎలా రుబ్బినా వడకట్టడం తప్పదు. మరీ సన్నని జల్లెడ వద్దు, గుజ్జంతా పైనే ఉండిపోయి కింద పలచటి నీళ్లు దిగుతాయి. మధ్యరకం కన్నులున్న స్టీలు జల్లెడలో పోసి గరిటె వెనకతో వలయాలుగా రుద్దండి. చివరికి పైన రెండు మూడు చెంచాల పీచు మాత్రమే మిగలాలి. గుప్పెడు మిగిలిందంటే ముక్కలు సరిగా ఉడకలేదనో, ముదురు రేకులు మిగిలాయనో అర్థం. అప్పుడు ఆ పీచును కాస్త స్టాక్‌తో మళ్లీ రుబ్బి వడకట్టండి.

క్రీమ్, ఉప్పు, చివరికి నిమ్మ

వడకట్టిన సూప్‌ను కడిగిన గిన్నెలో పోసి సన్నని సెగ మీద వేడిచేయండి. గరిటెను ముంచి తీస్తే వెనక వైపు పలచటి పొర కట్టి, దాని మీద వేలితో గీసిన గీత కలిసిపోకుండా నిలవాలి. చిక్కగా ఉంటే మిగిలిన స్టాక్ కొంచెం కొంచెంగా పోయండి. పలచగా ఉంటే క్రీమ్ వేయకముందే మూత లేకుండా ఐదారు నిమిషాలు మరిగించి దగ్గర చేయండి.

క్రీమ్‌లో ఒక గరిటె వేడి సూప్ కలిపి, దాన్ని తిరిగి గిన్నెలో పోయండి. 35 శాతం కొవ్వున్న చిక్కటి క్రీమ్ వేడికి, పులుపుకు తట్టుకుంటుంది. పలచటి క్రీమ్, పాలు, పెరుగు తేలిగ్గా విరుగుతాయి. క్రీమ్ పడ్డాక మరగనివ్వకండి, అంచుల్లో ఆవిరి లేస్తే చాలు. పాల పదార్థాలు వద్దనుకుంటే రెండు గంటలు నానబెట్టిన 30 గ్రాముల జీడిపప్పును రుబ్బేటప్పుడే కలపండి, వెన్నకు బదులు ఆలివ్ నూనె వాడండి.

దించి, ఉప్పు సరిచూసి, పావు టీస్పూన్ తెల్ల మిరియాల పొడి వేయండి. ఆ తర్వాతే ఒక టీస్పూన్ నిమ్మరసం, రుచి చూసి కావాలనిపిస్తే మరో అర టీస్పూన్. ఇక్కడ నిమ్మ పులుపు కోసం కాదు, వెన్న బరువును తేలిక చేయడానికి. సూప్ పుల్లగా అనిపించిందంటే మోతాదు దాటినట్టే.

రుచి చూసే విషయంలో ఒక చిత్రముంది. ఆర్టిచోక్‌లోని సైనారిన్ వంటి పదార్థాలు నాలుక మీద తీపిని గుర్తించే చోట్లకు కాసేపు అంటుకుంటాయి. తర్వాత తాగిన మంచినీళ్లు వాటిని కడిగేయగానే ఆ నీళ్లే తియ్యగా తోస్తాయి. అందరికీ ఇలా జరగదు, జరిగేవాళ్లకు మాత్రం వరసగా చెంచా మీద చెంచా రుచి చూస్తే ఉప్పు, పులుపు అంచనా తప్పుతుంది. మధ్యలో ఉప్పు లేని బ్రెడ్ ముక్క నమిలి, ఒకటి రెండు నిమిషాలు ఆగి చూడండి.

తేడా వస్తే

చేదుగా ఉంటే కాడ తోలో, పచ్చటి అంచో మిగిలింది. చిటికెడు ఉప్పు పెంచండి, ఉప్పు చేదును అణుస్తుంది. ఇంకో రెండు చెంచాల క్రీమ్, చాలకపోతే చిటికెడు పంచదార. నిమ్మ మాత్రం పెంచకండి.

చప్పగా ఉంటే ముందు ఉప్పు, తర్వాత నిమ్మ. మిరియాలు పెంచితే ఘాటు వస్తుందే గానీ రుచి రాదు.

క్రీమ్ విరిగి పలుకులు కట్టితే దించి, రెండు చెంచాల చల్లటి చిక్కటి క్రీమ్ వేసి మిక్సీలో ముప్పై సెకన్లు తిప్పండి. చాలావరకు కలిసిపోతుంది.

రంగు విషయంలో ఆశ ఎక్కువ పెట్టుకోకండి. మచ్చలేకుండా చేసినా ఈ సూప్ దంతపు తెలుపుకు, లేతాకుపచ్చకు మధ్య ఉంటుంది. చిలకపచ్చ రంగు రాదు, దాని కోసం పాలకూర కలిపితే అది పాలకూర సూప్ అవుతుంది.

వడ్డన, నిల్వ

వేడి గిన్నెల్లో పోసి పైన కాస్త ఆలివ్ నూనె, వెన్నలో ఎర్రగా వేయించిన బ్రెడ్ ముక్కలు వేయండి. సూప్ మొత్తం మెత్తగా ఉంటుంది కాబట్టి కరకరలాడేది ఏదో ఒకటి ఉండాలి. ఒక హార్ట్‌ను ముందే పక్కన పెట్టుకుని, పలచటి ముక్కలు కోసి, తడి తుడిచి, నూనెలో కరకరా వేయించి వేస్తే ఇంకా బాగుంటుంది.

మిగిలింది రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు రోజులు ఉంటుంది. మర్నాటికి చిక్కబడుతుంది, కొంచెం స్టాక్ కలిపి సన్నని సెగ మీద కలుపుతూ వేడిచేయండి. ఎక్కువ రోజులకు ఫ్రీజర్‌లో దాచాలనుకుంటే వడకట్టాక, క్రీమ్, నిమ్మ కలపకముందే కావలసినంత వేరుగా తీసి పెట్టండి. రెండు నెలలు బాగుంటుంది. బయటికి తీశాక నీళ్లు, గుజ్జు విడిపోయినట్టు కనిపిస్తే భయపడకండి. వేడిచేసి ఒకసారి మిక్సీ తిప్పి, అప్పుడు క్రీమ్ కలపండి.